ఫస్ట్ ఆప్షన్ ఏది పెట్టాలి? డిగ్రీ గ్రూప్ లాక్ చేసే ముందు ఈ మాటలు వినండి

ఈరోజు ఎపిసోడ్ ఇంటర్ అయిపోయి డిగ్రీలో చేరబోతున్న వాళ్ల కోసం. వాళ్ల అమ్మానాన్నలు పక్కన ఉంటే వాళ్లను కూడా కూర్చోబెట్టండి. సగం మాటలు వాళ్లకోసమే.

మొన్న రాత్రి పదిన్నరకి నాచారం నుంచి ఫోన్. మా పిన్ని కూతురు. ఈ ఏడాదే బైపీసీ పాసైంది. "అక్కా, రేపే లాస్ట్ డేట్. ఫస్ట్ ఆప్షన్ ఏం పెట్టాలె?" అంది. వెనకాల బాబాయ్ గొంతు వినపడుతోంది: "బీకాం కంప్యూటర్స్ పెట్టమను, అయిపోతది." ఇది మాత్రం ఏమీ మాట్లాడట్లేదు. దానికి మైక్రోబయాలజీ ఇష్టమని నాకు తెలుసు. ఏడో తరగతిలో పెరుగు ఎలా తోడుకుంటుందో నన్ను కూర్చోబెట్టి చెప్పిన పిల్ల అది.

"ఇప్పుడు ఏం నొక్కకు. పొద్దున్నే వస్తున్నా" అని ఫోన్ పెట్టేశాను. ఎందుకంటే అదే ప్రశ్నకి నేను ఒకప్పుడు ఐదు నిమిషాల్లో జవాబు చెప్పేశాను. దాని లెక్క ఇప్పటికీ తేలలేదు.

నా కథ ముందు చెప్తాను

2016. దోస్త్ మొదలైన ఏడాది. దోస్త్ అంటే డిగ్రీ ఆన్‌లైన్ సర్వీసెస్ తెలంగాణ. అంతకుముందు కాలేజీకి వెళ్లి ఫారం తెచ్చుకుని నింపేవాళ్లు. మా బ్యాచ్ నుంచి అంతా ఆన్‌లైన్. ఉప్పల్ రింగ్ రోడ్ దగ్గర ఒక నెట్ సెంటర్‌లో కూర్చున్నాం. నేను, ఇంకో ఇద్దరు ఫ్రెండ్స్. నాదీ బైపీసీయే. సెంటర్ అబ్బాయి "ఫస్ట్ ఏది కొట్టాలి మేడం, బయట లైన్ ఉంది" అన్నాడు. ఫ్రెండ్స్ ఇద్దరూ బీకాం కంప్యూటర్స్ కొట్టించారు. నేనూ అదే అన్నాను. అంతే. మూడేళ్ల చదువు ఐదు నిమిషాల్లో తేలిపోయింది.

సీటు ఇటు పక్కనే ఒక క్రిస్టియన్ మేనేజ్‌మెంట్ కాలేజీలో వచ్చింది. కాలేజీ బాగుంది, టీచర్లు బాగున్నారు. తప్పు కాలేజీది కాదు, నాదే. సెకండియర్‌లో ఉండగా, 2017 నవంబర్‌లో నాగోల్ మెట్రో మొదలైంది. ఉప్పల్ ఎక్కితే స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ, తార్నాక. ఆ దారంతా సైన్స్ ల్యాబులే. ఎన్‌జీఆర్‌ఐలో భూమి లోపలి సంగతులు, సీసీఎంబీలో కణాలు, జన్యువులు, ఐఐసీటీలో కెమిస్ట్రీ. ఉప్పల్‌లోనే డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ సెంటర్ సీడీఎఫ్‌డీ. నేను కిటికీలోంచి చూస్తూ ఆ దారిలోనే తిరిగాను, చేతిలో అకౌంట్స్ పుస్తకంతో.

థర్డ్ ఇయర్‌లో ఒక ల్యాబ్ ఓపెన్ డేకి వెళ్లాను. మైక్రోస్కోప్ దగ్గర నిలబడ్డ రీసెర్చ్ స్కాలర్‌ని అడిగాను, "ఇక్కడికి రావాలంటే ఏం చెయ్యాలండీ?" అని. "మీ డిగ్రీ ఏంటి?" అన్నారు. "బీకాం" అన్నాను. ఆయన నవ్వలేదు. కాస్త ఆగి, "అయితే కష్టమండీ" అన్నారు, అంతే. ఇంటికొచ్చి పీజీ ఎంట్రన్స్ రూల్స్ చదివాను. ఎంఎస్సీ మైక్రోబయాలజీకి బీఎస్సీలో లైఫ్ సైన్సెస్ చదివి ఉండాలి. బీకాంతో దరఖాస్తు కూడా పెట్టలేను.

ఇప్పుడు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. బీకాం చెడ్డది అని నేను అనను, అది నాకు అన్నం పెడుతోంది. నేను చెప్పేది ఒక్కటే. దాన్ని నేను ఎంచుకోలేదు. అది నాకు జరిగింది.

క్రిస్టియన్ కాలేజీ వేరు, క్రిస్టియన్ యూనివర్సిటీ వేరు

చాలామంది ఈ రెండూ కలిపేస్తారు. ఉప్పల్‌లో లిటిల్ ఫ్లవర్ ఉంది. నాచారంలో అమ్మాయిలకు సెయింట్ పయస్ ఉంది. కాస్త దూరం వెళ్తే అల్వాల్‌లో లయోలా అకాడమీ, బేగంపేటలో సెయింట్ ఫ్రాన్సిస్. ఇవన్నీ కాలేజీలు. నడిపేది క్రైస్తవ సంస్థలు, డిగ్రీ పట్టా ఇచ్చేది మాత్రం ఉస్మానియా యూనివర్సిటీ. లయోలా, సెయింట్ ఫ్రాన్సిస్ లాంటి అటానమస్ కాలేజీలు సిలబస్, పరీక్షలు సొంతంగా పెట్టుకుంటాయి. పట్టా మళ్లీ ఉస్మానియాదే.

యూనివర్సిటీ అంటే బెంగళూరులో క్రైస్ట్, కోయంబత్తూరులో కారుణ్య లాంటివి. అవి డీమ్డ్ యూనివర్సిటీలు, పట్టా వాటి పేరు మీదే వస్తుంది. అడ్మిషన్ కూడా వాటి పద్ధతిలోనే, దోస్త్‌తో సంబంధం లేదు.

ఇంకో డౌట్ ఇళ్లలో ఎక్కువగా వస్తుంది, పైకి మాత్రం ఎవరూ అడగరు: "మనం క్రిస్టియన్స్ కాదు కదా, అక్కడ బైబిల్ క్లాస్ కూర్చోవాలా?" రాజ్యాంగంలో 30వ అధికరణం మైనారిటీలకు విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. అదే రాజ్యాంగంలో 28వ అధికరణం మూడో క్లాజు ఇంకో మాట చెప్పింది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలో గానీ, ప్రభుత్వ డబ్బు అందుకునే సంస్థలో గానీ, చదువుకునే వాళ్ల ఒప్పుకోలు లేకుండా మతబోధనకి, ప్రార్థనకి రమ్మని బలవంతం చెయ్యకూడదు. మైనర్ అయితే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. చాలా కాలేజీల్లో వాల్యూ ఎడ్యుకేషన్ అని ఒక పీరియడ్ ఉంటుంది. అది నడవడిక, విలువల గురించి. కాబట్టి ఈ భయంతో మంచి కాలేజీ వదులుకోకండి. అలాగే కాలేజీ పేరు మంచిదని గ్రూప్ గురించి ఆలోచించడం మానెయ్యకండి. రెండూ వేరు వేరు నిర్ణయాలు.

అక్కడ డిక్లేర్, ఇక్కడ క్లిక్

అమెరికాలో ఉన్న మన చుట్టాలు "మా అబ్బాయి ఇంకా మేజర్ డిక్లేర్ చెయ్యలేదు" అంటుంటారు. మనకి అది వింతగా ఉంటుంది. కాలేజీలో చేరి ఏడాదైంది, ఏం చదువుతున్నాడో తెలియకపోవడం ఏంటి అనిపిస్తుంది. అక్కడ పద్ధతి వేరు. నోటర్ డామ్, బేలర్ లాంటి క్రిస్టియన్ యూనివర్సిటీల్లో కూడా ముందు రకరకాల సబ్జెక్టుల్లో క్లాసులు వింటారు. థియాలజీ గానీ రిలిజియన్ గానీ అందరికీ కోర్సుగా ఉంటుంది. ఆ క్లాసుల్లో కూర్చున్నాక ఏది తనదో తేల్చుకుని, అడ్వైజర్‌తో మాట్లాడి, ఇది నా మేజర్ అని రాసి ఇస్తారు. మామూలుగా రెండో ఏడాది అయ్యేలోపు ఇది జరుగుతుంది.

మన దేశంలో కూడా యూజీసీ 2022 డిసెంబర్‌లో ఇలాంటి చట్రమే ఇచ్చింది. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, అందులో మేజర్‌కి కనీసం 60. నాలుగేళ్ల ఆనర్స్‌కి 160, అందులో మేజర్‌కి 80. రెండో సెమిస్టర్ అయ్యాక మేజర్ మార్చమని అడిగే వీలు కూడా అందులో రాశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి సింగిల్ మేజర్, దానితో ఒక మైనర్ పద్ధతి తెచ్చారు.

దోస్త్‌లో మనం చేసే పని వేరు. ఒక్క క్లాసు కూడా వినకముందే కాలేజీ, కోర్సు, కాంబినేషన్ మూడూ కలిపి ఒక ఆప్షన్‌గా పెడతాం. అంటే మన డిక్లరేషన్ ఆ వెబ్ ఆప్షన్ల వరసే. అక్కడి పిల్లలకి ఏడాది, ఏడాదిన్నర రుచి చూసే టైమ్ ఉంటుంది. మనకి ఉన్నది ఇంటర్ రిజల్ట్ వచ్చినప్పటి నుంచి లాస్ట్ డేట్ వరకు. అందుకే ఆ నాలుగు వారాల్లోనే రుచి చూడాలి. ఈ ఎపిసోడ్ మొత్తంలో నేను చెప్పేది ఇదే.

ఏ గ్రూప్ ఏ తలుపు మూస్తుంది

అందరూ "ఈ గ్రూప్‌తో ఏ ఉద్యోగం వస్తుంది?" అని అడుగుతారు. నన్నడిగితే "ఈ గ్రూప్ తీసుకుంటే ఏ తలుపు మూసుకుపోతుంది?" అని ముందు అడగాలి.

బ్యాంకు పరీక్షలు, గ్రూప్ 1, గ్రూప్ 2, సివిల్స్ లాంటి వాటికి ఏదైనా డిగ్రీ చాలు. బీఏ అయినా, బీకాం అయినా, బీఎస్సీ అయినా ఆ తలుపులు తెరిచే ఉంటాయి. కాబట్టి "గవర్నమెంట్ జాబ్ కోసం ఈ గ్రూపే తీసుకోవాలి" అని ఎవరైనా అంటే తొందరపడి నమ్మకండి.

పీజీ దగ్గరకి వచ్చేసరికి లెక్క మారుతుంది. మన యూనివర్సిటీల పీజీ సీట్లకి సీపీగెట్ రాయాలి. ఎంఎస్సీ కెమిస్ట్రీ కావాలంటే డిగ్రీలో కెమిస్ట్రీ ఉండాలి. ఎంఎస్సీ మ్యాథ్స్‌కి మ్యాథ్స్ ఉండాలి. బైపీసీ పిల్లలు ఇక్కడే జాగ్రత్త పడాలి. మైక్రోబయాలజీ, జువాలజీ, కెమిస్ట్రీ ఒక కాంబినేషన్. ఇందులో కెమిస్ట్రీ తీసేసి వేరే సబ్జెక్టు పెట్టిన కాంబినేషన్లు కూడా కాలేజీల్లో కనపడతాయి. రెండింటికీ పేరు బీఎస్సీయే. రెండో దానిలో చేరితే కెమిస్ట్రీ పీజీ దారి అక్కడితో మూసినట్టే.

బీఈడీ ఆలోచన ఉన్నవాళ్లకి కూడా అంతే. స్కూల్లో మ్యాథ్స్ చెప్పాలా, ఫిజికల్ సైన్స్ చెప్పాలా, బయాలజీ చెప్పాలా అన్నది డిగ్రీలో చదివిన సబ్జెక్టుల మీద ఆధారపడుతుంది.

ఇంకో విషయం. ఇంటర్‌లో ఏ గ్రూప్ చదివినా బీకాం, బీఏలకి వెళ్లొచ్చు. బయాలజీ లేకుండా బీజెడ్‌సీకి వెళ్లలేరు. అంటే సైన్స్ నుంచి కామర్స్‌కి దారి ఉంది, తిరిగి రావడానికి దాదాపు లేదు. నేను పడింది ఇక్కడే.

నాలుగు వారాల్లో రుచి చూడటం ఎలా

ఒకటి. ఉస్మానియా సిలబస్ ఫోన్‌లోనే దొరుకుతుంది. ఫస్ట్ సెమిస్టర్ చూడకండి, అది అందరికీ తేలిగ్గానే ఉంటుంది. ఐదు, ఆరు సెమిస్టర్ల పేపర్లు చూడండి. ఆ పాఠాల పేర్లు చదువుతుంటే తెలుసుకోవాలనిపిస్తోందా, నీరసం వస్తోందా? మీకే తెలిసిపోతుంది. ఒక టాపిక్ తీసుకుని వీడియోలో ఒక పూర్తి లెక్చర్ వినండి. పది నిమిషాలది కాదు, గంటది.

రెండు. కాలేజీకి వెళ్లి ల్యాబ్ చూపించమని అడగండి. తప్పేం లేదు. వారానికి ఎన్ని ప్రాక్టికల్స్ అవుతాయో సీనియర్స్‌ని అడగండి, బయట టీ కొట్టు దగ్గర అడిగితే ఇంకా నిజం చెప్తారు. కిందటేడు ఆ కాంబినేషన్‌లో ఎంతమంది చేరారో కనుక్కోండి. చేరినవాళ్లు మరీ తక్కువైతే ఆ గ్రూప్ నడపకపోవచ్చు.

మూడు. ఆ చదువు చదివి పని చేస్తున్న ఒక్క మనిషితోనైనా మాట్లాడండి. మన ఏరియాలో ఇది కష్టం కాదు. సీఎస్‌ఐఆర్ ల్యాబులు తమ స్థాపన దినం సెప్టెంబర్ 26 చుట్టుపక్కల విద్యార్థులకు తలుపులు తీస్తుంటాయి. ఇంటర్‌లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు, మీరు ఇప్పుడే వెళ్లి చూడండి. నాలాగా థర్డ్ ఇయర్‌లో కాదు.

దోస్త్‌లో గుర్తుపెట్టుకోవాల్సినవి

ఆప్షన్ల వరస చాలా ముఖ్యం. మీకు వచ్చే అవకాశం ఎక్కువ ఉన్నది పైన పెట్టకండి, మీకు కావలసింది పైన పెట్టండి. పైది రాకపోతే సిస్టమ్ కిందదానికి వెళ్తుంది. కింద పెట్టినదానికంటే పైది ముందే వచ్చేస్తే, కిందది మీ వరకు రాదు.

సీటు వచ్చాక ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చెయ్యాలి. చెయ్యకపోతే ఆ సీటు పోతుంది. చేశాక కూడా తర్వాతి విడతలో ఇంకా మంచిదానికి ఆప్షన్ పెట్టొచ్చు. కొత్త సీటు వస్తే పాతది ఆటోమేటిక్‌గా రద్దవుతుంది, కాబట్టి నిజంగా కావాలనుకున్నవే పెట్టండి. రిజిస్ట్రేషన్ ఫీజు ఈమధ్య ఏళ్లలో మొదటి విడతకి 200 రూపాయలు, తర్వాత విడతలకి 400.

చివరికి కాలేజీలో చేరేటప్పుడు మీ ఫోన్‌కి వచ్చిన కాలేజ్ కన్ఫర్మేషన్ ఓటీపీ ఇవ్వాలి. అది చెప్పారంటే "నేను ఇక్కడ చేరుతున్నా" అని సంతకం పెట్టినట్టు. "మీ పని మేము చేసిపెడతాం, ఓటీపీ చెప్పండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే చెప్పకండి. స్పాట్ అడ్మిషన్‌లో చూసుకుందాంలే అని ఆగకండి, స్పాట్‌లో చేరినవాళ్లకి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు.

కొన్ని మైనారిటీ కాలేజీలు దోస్త్‌లో ఉండవు, సొంతంగా అడ్మిషన్లు చేస్తాయి. లిస్టులో పేరు కనపడలేదంటే కాలేజీ వెబ్‌సైట్ చూడండి. వాటి తేదీలు వేరు, కొన్నిసార్లు ముందే అయిపోతాయి.

ఇక చాలామందికి తెలియనిది. విడతలన్నీ అయ్యాక ఇంట్రా కాలేజ్ ఫేజ్ అని ఒకటి ఉంటుంది. చేరిన కాలేజీలోనే వేరే కోర్సుకి, వేరే కాంబినేషన్‌కి మారడానికి కొద్ది రోజులు అవకాశం ఇస్తారు. సీటు ఖాళీ ఉండాలి, మీకు అర్హత ఉండాలి. మన దగ్గర మేజర్ మార్చుకోవడం అంటే దాదాపు ఇదొక్కటే. ఆ తేదీ ఫోన్‌లో అలారం పెట్టుకోండి. నా టైమ్‌లో ఇలాంటిది అడగాలని కూడా నాకు తోచలేదు.

మా బాబాయ్, మా చెల్లి

పొద్దున్నే ఉప్పల్ నుంచి చిలకానగర్ మీదుగా హెచ్‌ఎంటీ నగర్ వెళ్లాను. పిన్ని ఉప్మా పెట్టింది. బాబాయ్ నాచారంలోనే ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో ఉంటాడు. ఆయనకి కోపం లేదు, భయం ఉంది. "బీఎస్సీ చదివి ఏం చేస్తది బిడ్డా? బీకాం అయితే ఏడనన్న లెక్కలు రాసే పని దొరుకుతది. నీకు దొరకలే?" అన్నాడు.

నిజమే, నాకు దొరికింది. ఆ మాటకి నేను వెంటనే ఏం చెప్పలేకపోయాను. కాసేపాగి అడిగాను, "బాబాయ్, మీ కంపెనీల క్వాలిటీ ల్యాబ్ ఉంది కదా, అండ్ల ఎవరు చేస్తరు?" ఆయన ఆలోచించాడు. "మైక్రో ల్యాబ్ అంటరు. ఇద్దరు పిల్లలున్నరు. తెల్లకోటు ఏసుకుని గ్లాసు ప్లేట్లు చూస్తుంటరు."

"ఏం చదివిన్రు?"

ఆయన చెల్లి వైపు చూశాడు. "బీఎస్సీయే అనుకుంటా. అడుగుత."

అప్పుడే ఫోన్ చేసి అడిగాడు. ఒకమ్మాయి బీఎస్సీ, ఇంకొకరు ఎంఎస్సీ. బీఎస్సీతో మొదట జీతం తక్కువేనని, ఎంఎస్సీ చేస్తే ఎదుగుదల ఉంటుందని ఆ అమ్మాయే చెప్పింది. నేను దాచలేదు. "వింటున్నవా, ఇది మూడేళ్ల చదువు కాదు, ఐదేళ్లది. తెలిసే పెట్టు" అని చెల్లికి చెప్పాను. అది "తెలుసు అక్కా" అంది. మొదటిసారి గట్టిగా అంది.

సాయంత్రం ముగ్గురం కూర్చుని ఆప్షన్లు పెట్టాం. మొదట మైక్రోబయాలజీ, జువాలజీ, కెమిస్ట్రీ, దగ్గర్లో ఉన్న కాలేజీలు. తర్వాత బీజెడ్‌సీ. అన్నిటికంటే కింద బాబాయ్ మాట కోసం బీకాం కంప్యూటర్స్ ఒకటి. లాక్ బటన్ దాన్నే నొక్కమన్నాం.

నిన్న అలాట్‌మెంట్ వచ్చింది. మైక్రోబయాలజీ రాలేదు. బీజెడ్‌సీ వచ్చింది, ఇంటికి దగ్గరి క్రిస్టియన్ కాలేజీలోనే. ఏడుస్తుందేమో అనుకున్నా. సెల్ఫ్ రిపోర్టింగ్ చేసేసి ఫోన్ చేసింది: "కెమిస్ట్రీ ఉంది కదా అక్కా, దారి మూయలే. ఇంట్రా కాలేజ్‌ల మళ్ల అడుగుత." బాబాయ్ తన ఫోన్‌లో కూడా ఆ తేదీకి అలారం పెట్టుకున్నాడట.

అంతే ఫ్రెండ్స్. లాస్ట్ డేట్‌కి ముందు రోజు రాత్రి కాదు, ఇవాళే కూర్చోండి. సిలబస్ తెరవండి, ఒక ల్యాబ్ చూడండి, ఒక మనిషిని అడగండి. ఆ తర్వాత ఏ గ్రూప్ పెట్టినా సరే, బీకాం అయినా సరే, అది మీరు పెట్టింది అవుతుంది. వచ్చే ఎపిసోడ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ కాగితాల గురించి మాట్లాడుకుందాం. ఉంటాను మరి, బాయ్.